నా పేరున నలభైమూడు అభ్యంతరాలు

దేశాన్ని కాపాడటానికి మా ఇంట్లో ప్రతి ఆదివారం పదకొండు కప్పుల టీ అవుతుంది. కాచేది నేను, అందించేది నేను, వాళ్ళు లేచి వెళ్ళాక సోఫా కిందకి దొర్లిన కప్పులు ఏరి కడిగేది నేను. కాపాడేది మాత్రం వాళ్ళు. మా ఆయన వాళ్ళ సంఘంలో చేరి మూడేళ్ళయింది. అంతకుముందు ఆదివారం మధ్యాహ్నాలు గుర్రుపెట్టి నిద్రపోయేవారు. ఆ గురకే నయం, దానివల్ల ఎవరికీ హాని ఉండేది కాదు.

సంఘానికి పెద్ద ఒకాయన ఉన్నాడు, అందరూ పెద్దన్న అంటారు. ఆయన గొంతు కుక్కర్ కూతను మించి వంటింట్లోకి వినిపిస్తుంది. "వాళ్ళు పెరుగుతున్నారు, మనం తరుగుతున్నాం" అంటాడు. వాళ్ళంటే వెనక వీధివాళ్ళు. తాతల కాలంలో సరిహద్దు అవతలినుంచి వచ్చారట. ఇక్కడే పుట్టి, ఇక్కడే బడికి పోయి, ఇక్కడే ముసలివాళ్ళయినా ఇంకా 'వచ్చినవాళ్ళే'. నేనూ ఈ ఇంటికి వచ్చి పందొమ్మిదేళ్ళయింది. కూరలో ఉప్పు ఒక పిసరు ఎక్కువైతే చాలు, "బయటినుంచి వచ్చినదానివి, మా ఇంటి పద్ధతి నీకెలా తెలుస్తుందిలే" అంటుంది మా అత్తగారు. అందుకేనేమో ముందుగదిలో ఆ మాట వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుకొస్తుంది. ఒక ఆదివారం టీ ట్రేతో నిలబడే, "వరదొచ్చినప్పుడు మన ఇంట్లో బురద ఎత్తిపోసింది ఆ వీధివాళ్ళే కదండీ" అనేశాను. పెద్దన్న నవ్వి, "చెల్లెమ్మ చేతి టీ మహా బాగుంటుంది" అన్నాడు. మా ఆయన నావైపు చూడకుండానే, "చక్కెర తక్కువైంది, వెళ్ళి తీసుకురా" అన్నారు. దేశం గురించి నేనన్న మొదటి మాటకు వచ్చిన జవాబు చక్కెర.

నేను ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తాను. పదహారేళ్ళ నుంచి అదే పని. ఇంటి చిరాకులు ఇంట్లోనే వదిలేసి రమ్మంటారు మా ఇన్‌చార్జి గారు. డ్యూటీ అలసట గుమ్మం బయటే వదిలేసి రమ్మంటారు మా ఆయన. ఈ రెండూ పెట్టుకోవడానికి నాకు మిగిలింది మధ్యలో ఉన్న బస్టాపు ఒక్కటే. అయినా నా పని నాకిష్టం. అందులో ఒక నియమం ఉంది. కుర్చీలో కూర్చున్నది కన్నతల్లి అయినా సరే, "మీ పేరు చెప్పండి" అని అడగాలి. ఆ మనిషి తన నోటితో చెప్పాకే సీసా మీద రాయాలి. పక్కవాళ్ళు చెబితే చెల్లదు. ఆడవాళ్ళతో వచ్చిన భర్తలు చాలామంది ముందే నోరు తెరుస్తారు. "మీరు ఆగండి, ఆవిణ్ణి చెప్పనివ్వండి" అంటాను. రోజుకు పదిసార్లయినా అంటాను.

ఆ సోమవారం టైలరమ్మ వచ్చింది. వెనక వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకుని ఉంటుంది, నెలనెలా షుగర్ పరీక్షకు వస్తుంది. అలవాటు ప్రకారం పేరు అడిగాను. ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"చెప్తానమ్మా. ఈ పేరు ఉంచుతారో కొట్టేస్తారో ముందు మీరు చెప్పండి."

ఓటర్ల జాబితా ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు అది. సదరు వ్యక్తి ఈ చిరునామాలో ఉండటం లేదనీ, ఈ దేశపు మనిషే కాదనీ అభ్యంతరం వచ్చిందట. శుక్రవారం విచారణకు రావాలట. అభ్యంతరం తెలిపినవారు అన్న చోట నా పేరు ఉంది. నా ఇంటి నంబరు ఉంది. కింద నా సంతకం.

"మీ పాప మొదటి గౌను కుట్టింది నేను. నేనిక్కడ లేనని రాయడానికి మీకు చెయ్యెలా వచ్చిందమ్మా? మా వీధిలో నలభైముగ్గురికి వచ్చాయి. అన్నీ మీ పేరు మీదే."

"నేను పెట్టలేదక్కా. ఒట్టు."

"నాతో చెబితే ఏం లాభం? శుక్రవారం అక్కడ చెప్పండి" అని చెయ్యి చాపింది. ఆ మాట అన్నాక కూడా చాపింది. నాకు నరం దొరకలేదు. పదహారేళ్ళలో మొదటిసారి రెండుసార్లు గుచ్చాను.

ఆ సంతకం ఎవరు పెట్టారో నాకు చూడగానే తెలిసింది. నేర్పింది నేనే మరి. మా అమ్మాయి చిన్నప్పుడు బడి డైరీలో రోజూ అమ్మ సంతకమే ఉండాలనేవాళ్ళు. నాకేమో పొద్దున ఆరింటికే డ్యూటీ. భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి మా ఆయనకు నా సంతకం నేర్పాను. చివర్లో మెలిక తిప్పడం రాక నాలుగు కాగితాలు పాడుచేశారు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. "చూడు, నీ సంతకం నీకంటే నేనే బాగా పెడుతున్నా" అన్నారు. నేను మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

సాయంత్రం అడిగితే ఆయన కనీసం ఉలిక్కిపడలేదు.

"ఆడమనిషి పేరుంటే ఎవరూ అనుమానించరు. పైగా ఆసుపత్రి ఉద్యోగివి, మర్యాద ఉంటుంది. పెద్దన్నే అన్నాడు. నీ పేరుకి విలువొచ్చిందని సంతోషించక..."

"నన్ను అడగాలని అనిపించలేదా?"

"ఇంట్లోవాళ్ళని అడిగేదేంటి?"

"పదకొండు మంది ఉన్నారుగా. మీ పేర్లే పెట్టుకోవచ్చుగా!"

"రేపెప్పుడైనా అటూ ఇటూ అయితే..." అని ఆగిపోయారు. మిగతాది నాకు అర్థమైంది. అటూ ఇటూ అయితే కటకటాల వెనక నిలబడాల్సింది నేనన్నమాట. దేశభక్తి వాళ్ళది, శిక్ష నాది. సిగ్గు లేదూ! సీసా మీద ఒక్క పేరు తప్పు రాస్తే మనిషి ప్రాణం పోతుందని నేను రోజంతా భయపడుతూ పనిచేస్తాను. ఈయన నా ఇంట్లో, నా బల్ల మీద, నేను కాచిన టీ తాగుతూ నలభైముగ్గురిని నా చేత్తో చంపేశారు. బతికున్న మనిషిని లేదని రాయడం చంపడం కాకపోతే మరేమిటి?

అత్తగారు గదిలోంచే అందుకుంది. "మొగుడూ పెళ్ళాల మధ్య నీ సంతకం నా సంతకం ఏంటమ్మాయ్? వెళ్ళి తలూపి రా. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు." నిజమే, అన్నారు. కానీ లంకలో తప్పు చేసింది ఎవరో ఆవిడ చెప్పలేదు.

బుధవారం ఆయన గొంతు తగ్గింది. "విచారణలో నిన్నూ పిలిచి, ఇది మీదేనా అని అడుగుతారు. అవును అను. ఒక్క మాట. కాదన్నావో, నేను జైలుకి పోతా. పిల్ల కాలేజీలో తలెత్తుకోలేదు. ఆలోచించుకో." ఆలోచించాను. ఆ రెండు రోజులూ అన్నం ముందు కూర్చుని, బస్సులో కూర్చుని అదే ఆలోచించాను. శుక్రవారం పొద్దున ఆయనే టీ కాచి తెచ్చి ఇచ్చారు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. చక్కెర బాగా ఎక్కువైంది.

ఆఫీసు హాల్లో గోడవార నలభైముగ్గురూ నిలబడి ఉన్నారు. బడి సర్టిఫికెట్లు, కరెంటు బిల్లులు, పెళ్ళి ఫొటోలు, ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకొచ్చారు. టైలరమ్మ కొలతల పుస్తకం తెచ్చింది. "మా రెండు వీధులవాళ్ళ కొలతలూ తారీఖులతో సహా ఇందులో ఉన్నాయి సార్. నేనిక్కడ లేకపోతే ఇవి ఎవరు తీశారు?" అని అధికారి ముందు పేజీలు తిప్పుతోంది. ఒక పేజీలో మా అమ్మాయి కొలత కనిపించింది. రొమ్ము చుట్టూ పద్దెనిమిది అంగుళాలు, పొడవు పన్నెండు.

అధికారి నన్ను పిలిచి కాగితాల కట్ట ముందుకు తోశాడు. "ఈ అభ్యంతరాలు మీవేనా?"

"ఆవిడవే సార్" అన్నారు మా ఆయన, నా వెనకనుంచి.

"మీరు ఆగండి" అన్నాను. ల్యాబులో అన్నంత మామూలుగా వచ్చేసింది ఆ మాట. "నావి కావు సార్. ఒక్కటీ నాది కాదు. సంతకం కూడా నాది కాదు."

అధికారి కళ్ళజోడు తీశాడు. "సంతకం ఎవరిదో తెలియదంటే ఇది దర్యాప్తుకి పోతుందమ్మా. అది తేలేసరికి ఎన్నికలు అయిపోతాయి. అప్పటిదాకా వీళ్ళెవరికీ ఓటుండదు. తెలిస్తే చెప్పండి, మీ మాట రాసుకుని ఈ అభ్యంతరాలన్నీ ఇప్పుడే కొట్టేస్తాను. ఎవరు పెట్టారో తెలుసా?"

వెనక మా ఆయన చిన్నగా దగ్గారు. ఇంట్లో నన్ను వారించాలనుకున్నప్పుడల్లా దగ్గే దగ్గు అది.

"తెలుసు సార్."

"పేరు చెప్పండి."

ఇంటిపేరుతో సహా చెప్పాను. రాసుకునే గుమాస్తాకు సరిగా వినబడలేదేమోనని, ఇంకోసారి నిదానంగా చెప్పాను.