పీకని జెండా

తెర మీద అంకె కదలకుండా నిలబడింది. పాత ఇనుము నింపుకొచ్చిన లారీ కాటా మీద బుద్ధిగా ఆగి ఉంది. డ్రైవరు ఇంజను ఆపేసి, అడగకుండానే కాగితాలు కిటికీలోంచి అందించి, "నమస్తే సార్" అని కూడా అన్నాడు. అన్నీ ఇంత సవ్యంగా ఉండేసరికి ముల్లుసారుకి అనుమానం వచ్చింది.

కళ్ళజోడు సవరించుకుని కాటా గది మూడు మెట్లూ దిగాడు. లారీ చుట్టూ తిరిగాడు. వంగి చక్రాలు చూశాడు, నీళ్ళ పీపా మీద వేలితో కొట్టి చూశాడు. అటుపక్క లారీ చాటున కాటా పలక మీద క్లీనరు నిలబడి, ఆకాశంకేసి చూస్తున్నాడు.

"పైన ఏం కనిపిస్తోందయ్యా?"

"ఏం లేదు సార్. ఊరికే."

"ఊరికే అయితే కిందకి దిగి చూడు. ఇక్కడ ఇనుము కరిగిస్తారు, నిన్ను కాదు."

క్లీనరు నవ్వుతూ దిగాడు. తెర మీద అంకె అరవై రెండు కిలోలు తగ్గింది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఉద్యోగం ఇదే. ఫ్యాక్టరీ కాటా పక్క ఇరుకు గదిలో కూర్చుని, వచ్చిన ప్రతి లారీనీ నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచడం. తుక్కు కింద తడిమట్టి పరిచి తెచ్చేవాళ్ళనీ, పీపా నిండా నీళ్ళతో వచ్చి దింపాక పారబోసేవాళ్ళనీ ఎంతమందిని పట్టుకున్నాడో ఆయనకే గుర్తులేదు. తక్కెడ ముల్లులా మొహమాటం లేని మనిషని డ్రైవర్లు పెట్టిన పేరు అసలు పేరుని మింగేసింది.

ఆ బుద్ధి గదిలో వదిలేసి ఇంటికెళితే బాగానే ఉండేది. భార్య టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువేస్తే "ఏమిటి సంగతి?" అని అడిగేవాడు. "సంగతేమీ లేదు, చెయ్యి జారింది. తాగండి, చచ్చిపోరు" అనేది ఆవిడ. కూతురు లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న రోజున బడికెళ్ళి మరీ మార్కులు మళ్ళీ కూడించాడు. మొత్తం సరిపోయింది. ఆ పిల్ల మాత్రం నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

లారీ వెళ్ళాక గదిలోకొచ్చి, తలుపు దగ్గరికి వేసి, తెర అడుగున ముడుచుకుని ఉన్న చిన్న కిటికీని తెరిచాడు. ఊహించినట్టే ఉంది. మందుపాతరల ఆట, సగంలో వదిలేసి.

ఆ ఆట తెలియనివాళ్ళుండరు. బూడిదరంగు గడులు, వాటి కింద ఎక్కడెక్కడో మందుపాతరలు. తెరిచిన గడిలో అంకె, తన చుట్టుపక్కల ఎన్ని పాతరలున్నాయో చెబుతుంది. పాతర ఉందని తేలినచోట ఎర్రజెండా పాతాలి. పొరపాటున పాతరున్న గడి తెరిస్తే అన్నీ పేలిపోతాయి, తప్పు జెండాల మీద అడ్డగీతలు పడతాయి.

దాన్ని రోజూ అలా వదిలేసి వెళ్ళేది మధ్యాహ్నం షిఫ్టాయన. వీపునొప్పికి ఎప్పుడో ఒక దిండు తెచ్చుకున్నాడు, అప్పట్నుంచీ దిండుసారు అయ్యాడు. ఈయన పొద్దున ఆరు నుంచి రెండు దాకా, ఆయన రెండు నుంచి పది దాకా. రాత్రి కాటా మూసి ఉంటుంది. కంప్యూటరు వచ్చిన పదిహేడేళ్ళలో ఇద్దరూ కలిసి గడిపింది రోజుకి నాలుగు నిమిషాలు. "ఎన్ని బండ్లు?" "ఇరవై ఎనిమిది." "కాటా?" "బాగానే ఉంది." అంతే.

మొదటిసారి ఆ సగం ఆట చూసినప్పుడు ముల్లుసారు గుండె ఝల్లుమంది. డ్యూటీలో ఆటలాడుతున్నాడని తనని పట్టించడానికే తెరిచిపెట్టాడనుకున్నాడు. మూసేయబోయి ఆగాడు. ఆ జెండాలు సరైనచోట్లే ఉన్నాయా అని అనుమానం. అన్నీ పీకేసి, చిత్తుకాగితం మీద ఒక్కో గడీ లెక్కేసి మళ్ళీ పాతాడు. ఒక్కటీ తప్పు లేదు. అది ఆయనకి మరీ అనుమానంగా తోచింది. ఆట గెలిచి, కొత్తది మొదలుపెట్టి, పగ తీర్చుకోవడానికి సగంలో వదిలేసి ఇంటికెళ్ళాడు. పట్టుబడితే వాడే పట్టుబడనీ.

పదిహేడేళ్ళుగా ఇద్దరూ ఒకరికొకరు ఆ ఉచ్చు పన్నుకుంటూనే ఉన్నారు. ఇద్దరిలో ఒక్కరూ దాని ఊసెత్తలేదు. దిండుసారు సెలవు పెట్టిన రోజుల్లో మాత్రం పొద్దున తెర ఖాళీగా ఉంటే, ముల్లుసారుకి టీ రుచించేది కాదు. అది ఎందుకో ఆయన ఎప్పుడూ లెక్కేసుకోలేదు.

ఈరోజు ఆట వేరేగా ఉంది. దాదాపు పూర్తయింది. మూలన రెండే గడులు మిగిలాయి. ఒకదానికింద పాతర ఉంది, ఏ అంకె చూసినా ఎందులో ఉందో తేలదు. అందులో ఒకదాని మీద దిండుసారు జెండా పాతి వెళ్ళాడు. చిత్తుకాగితం నిండిపోయింది. లెక్క తేలలేదు.

"ఏ ఆధారంతో పెట్టాడు? నన్ను పేల్చడానికే ఇది" అని గొణుక్కున్నాడు.

అప్పుడే ఆఫీసు అమ్మాయి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చటుక్కున ఆటని ముడిచేసి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"సార్, వచ్చేవారం పాత కంప్యూటర్లన్నీ మార్చేస్తున్నారు కదా. సరదాగా ఒక పోటీ పెట్టాం. మీకు ఎప్పటికీ నచ్చే పాత కంప్యూటర్ ఆట ఏదో ఒక్కటి రాసివ్వాలి. ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క. రెండింటికి వచ్చి తీసుకెళ్తాను."

"పేరు రాయాలా?"

"రాయకపోతే బహుమతి ఎవరికిస్తాం సార్?"

"బహుమతి కూడానా!" అన్నాడు ముల్లుసారు.

ఆ అమ్మాయి వెళ్ళాక కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఆరేళ్ళ క్రితం ఇలాగే "మీ కుర్చీ సౌకర్యంగా ఉందా?" అని అడిగారు. ఆ నెలలోనే గోడౌన్లో ఇద్దరి కుర్చీలు ఖాళీ అయ్యాయి. తనకింక పదకొండు నెలలే సర్వీసుంది. ఆట పేరు రాస్తే డ్యూటీలో ఆడినట్టు తనే ఒప్పుకున్నట్టు. ఏదీ ఆడలేదని రాస్తే, రేపు ఈ మిషన్ విప్పినవాడు అబద్ధమని తేలుస్తాడు. ఎటు రాసినా పీకల మీదికే వస్తుంది.

ఇదంతా దిండుసారు పనే అని ఒంటిగంటకల్లా తేల్చుకున్నాడు. మధ్యాహ్నం షిఫ్టుకి కాగితాలు నిన్ననే ఇచ్చి ఉంటారు. వాడు తన గురించి రాసిచ్చేసి, ఆనవాలుగా ఆట తెరిచిపెట్టి పోయాడు. ఇవాళ రెండింటికి ముఖం మీదే అడగాలనుకున్నాడు. ఏం అడగాలో మూడుసార్లు లోలోపల అనుకుని చూసుకున్నాడు.

రెండయింది. దిండుసారు రాలేదు. పదిహేడేళ్ళలో ఒక్కసారీ ఆలస్యంగా రాని మనిషి. రెండూ పదికి ముల్లుసారు గేటుకి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఆయన వచ్చి నేరుగా ఆఫీసుకి గానీ వెళ్ళాడా?"

అవతల వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "మీకు చెప్పలేదా సార్? ఆయన పొద్దున పోయారంట. పాల ప్యాకెట్ తీసుకుందామని తలుపు తీసి, గడప మీదే అలా కూర్చుండిపోయారంట. ఇప్పుడే వాళ్ళ బావమరిది ఫోన్ చేశాడు."

"ఎవరు? ఏ బావమరిది? నువ్వు సరిగ్గా విన్నావా?"

"విన్నాను సార్."

ముల్లుసారు ఫోన్ పెట్టేశాడు. బయట లారీ హారన్ కొడుతోంది. వెళ్ళి తూచాడు. చుట్టూ తిరిగి, వంగి చక్రాలు కూడా చూశాడు. రసీదు మీద తేదీ వేయడం మర్చిపోతే డ్రైవరే గుర్తుచేశాడు.

తిరిగొచ్చేసరికి ఆఫీసు అమ్మాయి గుమ్మంలో ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. "రాత్రి పది దాకా మిమ్మల్నే ఉండమన్నారు సార్" అంది. చేతిలోని కాగితాల్లోంచి ఒకటి పైకి తీసింది. "ఇది ఆయనది. నిన్న సాయంత్రమే ఇచ్చేశారు. ఇప్పుడు దీన్నేం చేయాలో తెలీట్లేదు. ఇందులో ఉన్నది మీ గురించే కదా అని తెచ్చాను."

మీ గురించే అన్న మాట వినగానే అనుకున్నంతా అయిందనే అనుకున్నాడు. కాగితం అందుకుని చదివాడు. గుండ్రటి దస్తూరి.

"మందుపాతరల ఆట. పొద్దుటి షిఫ్టాయన నా జెండాలన్నీ పీకేసి మళ్ళీ లెక్కేస్తారని చెత్తబుట్టలో ఆయన చిత్తుకాగితాలు చూసి తెలుసుకున్నాను. అందుకే పదిహేడేళ్ళుగా ఒక్కటీ తప్పు పెట్టకుండా జాగ్రత్తపడ్డాను. మిషన్ మార్చేలోపు నా జెండాని ఆయన ఒక్కటైనా పీకకుండా ఉంచితే చాలు, నాకు అదే బహుమతి."

ముల్లుసారు అది రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవలేకపోయాడు. తర్వాత తన కాగితం తీసి, పేరు రాసి, కింద "నాకూ అదే ఆట. కారణం ఆయనే" అని రాసి ఇచ్చేశాడు. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు.

సాయంత్రానికి వీపు పట్టేసింది. బీరువా మీద దిండు ఉంది. దించాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, నాలుగువైపులా నొక్కి చూశాడు. లోపల దూది తప్ప ఏమీ లేదు. దాన్ని కుర్చీకి ఆనించి, అందులో పడ్డ గుంటకి తన వీపు చేర్చి కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పదిహేడేళ్ళలో "వీపు ఎలా ఉంది?" అని ఆ మనిషిని ఒక్కసారీ అడగలేదు.

ఆట తెరిచాడు. మూలన అవే రెండు గడులు. చిత్తుకాగితం పక్కకి నెట్టేశాడు. జెండాని తాకకుండా, దాని పక్క గడి మీదికి మౌస్ బాణాన్ని తీసుకెళ్ళి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

ఏదీ పేలలేదు. గడి నిశ్శబ్దంగా తెరుచుకుంది. తెర మూలన దిండుసారు పాతిన ఎర్రజెండా, ఏ అడ్డగీతా లేకుండా, అలాగే ఉంది.