వెనిలా వెయ్యని కేకు

సాయంత్రం కాగానే కిటికీలు మూసుకోవడం మా కాలనీలో ముఖం కడుక్కున్నంత మామూలు పని. కంపెనీల వైపు నుంచి గాలి తిరిగిందంటే చాలు, మురిగిన గుడ్డూ కాలిన ప్లాస్టిక్కూ కలిసినట్టుండే వాసన ఇంట్లోకి దూరుతుంది. పటాన్‌చెరులో కాపురం పెట్టిన నాటి నుంచీ ఆ వాసనను తిట్టుకుంటూనే ఉన్నాను. మా ఆయన బర్నబా మాత్రం ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు. మనిషికి ఓపిక ఎక్కువని చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కేకులు చేయడం మొదలుపెట్టింది ఆ వాసన మీద కోపంతోనే. ఇల్లన్నాక ఒక్క మంచి వాసనైనా ఉండాలి కదా. నా చిన్నప్పుడు క్రిస్మస్ ముందు మా అమ్మ మైదా, చక్కెర, గుడ్లు సర్దుకుని బేకరీకి తీసుకుపోయేది. వాళ్లు కలిపి, బట్టీలో కాల్చి ఇచ్చేవాళ్లు. మా వంతు వచ్చేదాకా ఆ గుమ్మం దగ్గర కూర్చుని వాసన పీల్చడమే మాకు సగం పండుగ. ఇన్నేళ్లకు సొంత ఓవెన్ కొనుక్కుని, ఫోన్లో వీడియోలు చూసి చేయి తిరిగేదాకా నేర్చుకున్నాను.

పగలంతా బడిలో పిల్లలకు నేను పాఠాలు చెబితే, ఇంటికొచ్చాక కేకు నాకు చెప్పేది. తొందరపడి మధ్యలో తలుపు తీస్తే నడిమికి కూలిపోతుంది. ఒళ్లు బరువై పిండి జల్లించకపోతే ఉండలు కట్టి నలుగురిలో పరువు తీస్తుంది. అన్నిటికంటే పెద్ద పాఠం పుల్లది. పైన ఎంత ఎర్రగా పొంగినా నమ్మకూడదు, కొత్త చీపురు పుల్ల ఒకటి గుచ్చి చూడాలి. పచ్చి పిండి అంటుకొస్తే లోపల ఇంకా ఉడకనట్టే. ఈ పాఠం కేకు వరకే అనుకున్నాను.

నా కేకులు మొదట తినేది మా ఆయనే. ముక్క తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని "వాసనతోనే కడుపు నిండింది సౌభాగ్యా" అనేవాడు. ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని. ఆ ఒక్క మాట కోసం మోకాళ్ల నొప్పి పెట్టుకుని కూడా నిలబడి గుడ్లు గిలక్కొట్టేదాన్ని. పైగా ఆ మెచ్చుకోలు అల్లాటప్పా మనిషిది కాదు. ఆయన పనిచేసే మందుల కంపెనీలో ఆయన ముక్కుకు పెద్ద పేరు. ట్యాంకు కడగడానికి మనుషులు లోపలికి దిగేముందు మూత తీసి, వంగి, విషపు ఆవిరి మిగిలిందో లేదో వాసన చూసి చెప్పేది ఆయనే. మీటరు ఉందట గానీ, అది ఊరికే మోగి పని ఆపుతుందని బీరువాలో పెట్టేశారట. ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు ఆయనను చాచా అంటారట, చాచా వాసన చూశాడా అని అడిగి మరీ నిచ్చెన మీద కాలు పెడతారట. ఆయన తర్వాత షిఫ్ట్ ఇన్‌చార్జి కూడా ఒకసారి వంగి వాసన చూసి సంతకం పెడతాడు. ఆ ఇన్‌చార్జి మాథ్యూ, మా ఆయన చిన్నాయన కొడుకే.

మొన్న క్రిస్మస్ ముందు ఒక శనివారం, ప్లమ్ కేకు ఓవెన్లో పెట్టి, పాటల ప్రాక్టీసుకు చర్చికి బయల్దేరాను. టీవీ ముందున్న ఆయనకు, వాసన కమ్మగా రాగానే స్విచ్ బంద్ చేయమని చెప్పి పోయాను. తిరిగి వస్తుంటే గల్లీ మలుపులోనే మాడు వాసన. ఎవరి ఇంట్లోనో పాపం అనుకున్నాను. చూస్తే మా గేటు ముందే పక్కింటి నాగేశ్వరి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలుపు బాదుతోంది. లోపల ఆయన వంటింటికి వీపు పెట్టి, టీవీ చప్పుడు పెంచుకుని, దర్జాగా కూర్చున్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఇల్లు తగలబడినా ఈయనకు ఫోన్ చేసి చెప్పాల్సిందే అన్నాను. ఆయన బిత్తరపోయి, జలుబు చేసిందన్నాడు. జలుబు చేసిన మనిషి ఒక్కసారైనా తుమ్మడా? మాడిన గిన్నె గీకుతూ కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పాచివాసన కొట్టే పప్పు ఎన్నోసార్లు మారు మాట్లాడకుండా తిన్నాడు. యాలకులు వేసినా, వెనిలా వేసినా, దాల్చినచెక్క వేసినా ఆయన మాట ఒకటే.

మరునాడు ఆదివారం పొద్దున్నే పుల్ల గుచ్చాను. గిన్నెలో ఫినాయిల్ పోసి, పల్చటి బట్ట కప్పి తెచ్చి, కొత్త ఎసెన్స్ తెచ్చానని, కళ్లు మూసుకుని అదేమిటో చెప్పమన్నాను. ఆయన వాసన పీల్చి, కాసేపు ఆలోచించినట్టు చేసి, యాలకులు అన్నాడు.

బట్ట తీసి చూపించాను. తెల్లటి నీళ్ల వైపు చూసి ఆయన మంచం అంచు మీద కూలబడ్డాడు. ఎప్పటి నుంచంటే తెలియదట. కరోనా కంటే ముందే మెల్లమెల్లగా పోయిందట. దాచుకోవడం ఎందుకు, మొదట నాకు ఏడుపొచ్చింది నా కేకుల గురించే. ఇన్ని ఆదివారాలు నేను గాలికి వండిపెట్టాను. ట్యాంకు సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

"మరి ట్యాంకులకు మనుషులను ఎట్ల దింపుతున్నవ్?"

"కండ్లు మండుతయి, గొంతు గీరుతది. అందాజ మీద చెప్త." గోడ వైపు తిరిగి అన్నాడు, "నా తర్వాత మాథ్యూ సూస్తడు గద. వాడున్నడనే ధైర్నం."

మాథ్యూకు చెప్పేయమన్నాను. చెబితే ఇక అక్కడ తనెవరన్నాడు. ఆ కంపెనీలో తనను పేరు పెట్టి పిలిచేది ఈ ముక్కు కోసమే, అది లేదంటే గేటు దగ్గర కూర్చోబెడతారన్నాడు. పండుగ ముందు ట్యాంకులన్నీ కడుగుతారని, రేపు పొద్దున్నే పెద్ద ట్యాంకు తెరుస్తున్నారని కూడా ఆయన నోటనే విన్నాను. నువ్వు చెప్పకుంటే నేను చెబుతానన్నాను. ఆయన చర్చికి రాలేదు, అన్నమూ తినలేదు.

మధ్యాహ్నం మాథ్యూ వాళ్లింటికి బయల్దేరాను. ఒట్టి చేతులతో పోతే గుమ్మంలోనే ఏడ్చేస్తానని, చేతికో ఆసరాగా కేకు ఒకటి చేశాను. మనసు ఎక్కడో పెట్టుకుని చేసిన పని కదా, వెనిలా వేయడమే మరిచాను. ఓవెన్ తీస్తే పచ్చిగుడ్డు నీచు వాసన గుప్పుమంది. ఇంకోటి చేసే టైము లేదు. అదే డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కి పటేల్‌గూడ చేరాను.

మాథ్యూ భార్య ఏంజెలిన్ డబ్బా మూత తీసి, ముఖం పక్కకు తిప్పుకుంది. మర్యాద తెలిసిన పిల్ల, ఏమీ అనకుండా చాయ్ పెడతానని వంటింట్లోకి పోయింది. పోయి కిటికీ తెరిచిన చప్పుడు వినిపించింది. మాథ్యూ డబ్బా దగ్గరికి లాక్కుని, ముక్కు దాకా ఎత్తి, కళ్లు మూసుకున్నాడు.

"వాసనతోనే కడుపు నిండింది వదినా. వెనిలా మస్తు పడ్డది."

చెబుదామని దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మాట, ఒకటే కళ్లు మూసుకోవడం. ఇతనికి కూడా పుల్ల గుచ్చక తప్పలేదు.

"మాథ్యూ, అండ్ల వెనిలా వెయ్యలే."

నవ్వబోయి ఆగిపోయాడు. నా ముఖం చూశాడు, వంటింటి వైపు చూశాడు. డబ్బా మూత పెట్టి, అది సరిగ్గా పడలేదన్నట్టు మళ్లీ మళ్లీ నొక్కాడు.

"అన్నకు చెప్పకు వదినా. నాకు వాసన పోయి చాన రోజులైంది. అన్న ముక్కు మీద భరోసతోనే నేను సంతకం పెడుతున్న."

గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టు అంటారు. ఇక్కడ గుంటలోకి దిగేది మాత్రం ఈ ఇద్దరూ కాదు, ఆ ఒడిశా వాళ్లు. ఎక్కడో వాళ్ల ఊళ్లో ఉన్న ఇంటి వాళ్లకు ఏ సంగతీ తెలియదు. చాచా చూశాడు, సారు చూశాడు అనుకుని ఆ కార్మికులు రేపు పొద్దున్నే నిచ్చెన మీద కాలు పెడతారు. ఇంతకాలం ఏమీ కాకపోవడం దేవుడి దయ తప్ప ఇంకేమీ కాదు. ఆ దయ మీద రేపు కూడా ఆధారపడదామని నాకు అనిపించలేదు.

ఫోన్ తీశాను. మాథ్యూ చేతులు జోడించాడు. నేను ఆగలేదు. అవతల మా ఆయన ఎత్తాడు.

"మాథ్యూ ఇంటికి రా," అన్నాను. "కేకు తెచ్చిన. మీ ఇద్దరి నడుమ పెడ్త. ఒకల ముందట ఒకలు వాసన సూసి చెప్పున్రి."

కాసేపటికి ఆ ఫోన్లోంచే, ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.