మాస్టారి కడుపుమంట

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ బ్రేకుల మాస్టారనేవారు. నేర్చుకునేవాళ్ళు కంగారులో ఏది తొక్కుతారో వాళ్ళకే తెలియదు. తనవైపున్న రెండో బ్రేకు తొక్కీ తొక్కీ మాస్టారి కాలు రాటుదేలింది గానీ, గుండె రాటుదేలలేదు. ఎదురుగా లారీ కనబడితే చాలు, ఛాతీలో మంట లేచేది. వెంటనే జేబులోంచి సుద్దముక్కలాంటి మాత్ర తీసి కరకరా నమిలేవారు.

ఇంట్లో భార్యకి ఎముకలు పలచబడుతున్నాయని డాక్టరు వేరే మాత్రలు రాశాడు. ఆవిడ అన్నం తినగానే ఒకటి మింగేది.

"ముసలమ్మ మందు వేళయిందా?" అని ఏడిపించేవారు మాస్టారు.

ఆవిడ నవ్వి ఊరుకునేది. ఒకరోజు మాత్రం ఊరుకోలేదు. "ఊరందరికీ నేర్పారు. నాకూ కారు నేర్పండి" అని పట్టుబట్టింది.

తప్పలేదు. తీరా చూస్తే ఆవిడ చేతిలో కారు వెన్నలా సాగింది. మలుపు తిరిగాక బస్సుని కూడా దాటేసింది. మాస్టారే ఉత్తపుణ్యానికి బ్రేకు తొక్కారు.

"ఎందుకు తొక్కారు?"

"అలవాటు" అన్నారు, మొహం కిటికీవైపు తిప్పుకుని.

ఇంటికొచ్చేసరికి మంట గొంతు దాకా ఎగదన్నింది. జేబులో మాత్రలు నిండుకున్నాయి. వంటింట్లో దూరి గ్లాసు నీళ్ళలో వంటసోడా కలిపి గటగటా తాగేశారు. మరుక్షణం ఇల్లదిరేలా త్రేన్పొచ్చింది.

"హారన్ బాగానే పనిచేస్తోంది!" అంది భార్య హాల్లోంచి.

మర్నాడు ఇద్దరూ మందుల షాపుకి వెళ్ళారు. అక్కడ పనిచేసేది ఆవిడ చెల్లెలే. సంగతి విని బావగారిని కడిగిపారేసింది.

"బీపీ పెట్టుకుని వంటసోడా ఏంటి బావా? అదీ ఒకరకం ఉప్పే!"

"సరేలే తల్లీ, నా మాత్రలిచ్చెయ్."

మరదలు ఆయన డబ్బా, అక్క డబ్బా పక్కపక్కనే పెట్టింది. "కళ్ళజోడు పెట్టుకుని చదవండి."

చదివారు. రెండింటి మీదా కాల్షియం కార్బొనేటే. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అక్క అన్నంతో మింగితే ఎముకలకి, మీరు నమిలితే మంటకి. సరుకొక్కటే."

"అయితే ఇన్నాళ్ళూ ముసలమ్మ మందు గుప్పెళ్ళతో నమిలింది మీరన్నమాట!" అంది భార్య.

"బావ మంట మందుకి లొంగేది కాదక్కా. నువ్వు బాగా నడుపుతున్నావని కడుపుమంట!"

మాస్టారికీ నవ్వాగలేదు. నవ్వయ్యాక మరదలు గొంతు మార్చింది. "అన్నేసి మాత్రలు రోజూ మంచిది కాదు బావా. డాక్టరుకి చూపించుకోండి."

చూపించుకున్నారు. ఖాళీ కడుపుతో టీ మానేసి, వేళకి తినమన్నాడు డాక్టరు. మాస్టారు గొణుక్కుంటూనే మానేశారు. నెల తిరిగేసరికి మంట అణిగింది.

లైసెన్సు పరీక్షకి ముందురోజు భార్య కారు తీసింది. రద్దీ రోడ్డు దాటాక, ఏం తప్పు పట్టారోనని పక్కకి చూసింది. మాస్టారు నోరు తెరుచుకుని గురకపెడుతున్నారు. ఇల్లొచ్చినా ఆవిడ కారాపలేదు. ఆయన నిద్ర చెడకుండా, నెమ్మదిగా ఇంకో చుట్టు తిప్పింది.