సాక్షికి పుట్టింటి చీర

మా అత్త అప్పలనర్సమ్మ ఒకటి అనుకుందంటే ఇక అంతే. ఖరగ్‌పూర్ జంక్షన్లో ఎర్రజెండా ఊపి రైలునైనా ఆపొచ్చు గానీ ఆమెను ఆపలేం. ఆ రోజు పొద్దున్నే వంటింటి గడప దగ్గర చతికిలబడి, "ఏడాది తిరక్కముందే మీనాకి సీర పెట్టాల" అంది. నా చేతిలో పప్పు గరిటె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నెత్తి బాదుకునేదాన్ని.

మీనాకుమారి ఆమె కూతురు, నా ఆడపడుచు. జగ్గారావు ఆమె కొడుకు, నా మొగుడు. మీనా భర్త రాజశేఖర్ పోయి ఏడాది కావస్తోంది. అతన్ని చంపాడన్న కేసు నా మొగుడి మీద ఉంది. ఈ నాలుగు ముక్కలూ చెబితే మా ఇంటి సంగతి మొత్తం చెప్పినట్టే.

జగ్గారావూ రాజశేఖరూ రైల్వే వర్క్‌షాపులో ఒకే సెక్షన్. ఒకే సైకిల్ మీద డ్యూటీకి వెళ్తూ దారి పొడవునా ఒకర్నొకరు తిట్టుకునేవాళ్ళు. "నిన్ను సంపేత్తాను బావా" అన్నది మా ఆయన ఊతపదం. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట తెలుగువాళ్ళలో బావను ఆ మాత్రం అనకపోతే ఏదో అలక వచ్చిందని అర్థం. రాజశేఖర్ పక్కింటి బెంగాలీ దీదీకి ఆ సరసం ఎలా తెలుస్తుంది? రోజూ చంపుతాననేవాడని పోలీసులకు చెప్పింది. ఆమెను అనడానికేం లేదు, విన్నదే చెప్పింది.

రాజశేఖర్ చనిపోయిన ఆదివారం, ఝపటాపూర్‌లో అతని మేడ మీద నీళ్ళ ట్యాంకు బిగించడానికి వెళ్ళాడు మా ఆయన. పిట్టగోడ లేని మేడ. తాగనని మా ఆయన చేతిలో చెయ్యేసి ఒట్టుపెట్టిన రాజశేఖర్, పట్టపగలే తాగి ఉన్నాడు. మాటా మాటా పెరిగింది. టీ పట్టుకుని మెట్లెక్కిన మీనాకు, తన అన్న రెండు చేతులూ భర్త కాలరు మీద కనిపించాయి. మరిదిని పిలుద్దామని కిందికి పరిగెత్తింది. ఆమె ఇంకా మెట్ల మీద ఉండగానే పెరట్లో చప్పుడయింది.

"పడిపోతన్నాడని పట్టుకున్నాను, సొక్కా సిరిగిపోనాది" అంటాడు మా ఆయన. "కాలరు పట్టుకోడం సూసినాను, పడిపోడం సూళ్ళేదు" అని మీనా పోలీసులకు చెప్పింది. లాగే చేతులూ తోసే చేతులూ మెట్ల మీంచి చూసేవాళ్ళకు ఒక్కలాగే కనిపిస్తాయి. నేను నా మొగుణ్ణి నమ్ముతాను. కాకపోతే రోజూ పొద్దున్నే కొత్తగా నమ్మాల్సి వస్తుంది, అదే నా బాధ. మీనా మీద మాత్రం నాకు కడుపుమంట. చూసింది చూసినట్టే చెప్పిందని తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా?

ఇక చీర సంగతి. మా వాళ్ళలో మొగుడు పోయిన ఆడదానికి పెద్దకర్మ నాడు పుట్టింటివాళ్ళు కొత్త చీర పెట్టాలి. అన్నో తమ్ముడో తన చేత్తో పసుపు రాసి ఇవ్వాలి. కన్నతల్లి ఇచ్చినా చెల్లదు. అది కట్టుకుని ఆమె పుట్టింట్లో ఒక రాత్రి నిద్ర చేసి వెళ్ళాలి. అప్పటిదాకా ఎవరి గడపా తొక్కకూడదు, గుడికీ వెళ్ళకూడదు. ఏడాదిలోగా ఆ చీర రాలేదంటే ఇక ఆమెకు పుట్టిల్లు లేనట్టే. రాజశేఖర్ పెద్దకర్మ నాడు మీనాకున్న ఒక్కగానొక్క అన్న జైల్లో ఉన్నాడు. అందుకని మీనా ఇన్నాళ్ళుగా పక్కింటికి కూడా వెళ్ళలేదు. మాతా పూజకు అమ్మవారి ఘటాలు వీధిలోకొస్తే తలుపు వెనకాల నిలబడి దండం పెట్టుకుందట.

మా ఆయనకు బెయిల్ వచ్చి మూడు నెలలు. సాక్షుల్ని కలవకూడదు, ఎవరి చేతా ఏమీ పంపకూడదు అన్నది షరతు. ఆ సాక్షుల్లో మొదటి పేరు మీనాదే.

"సీర లేకపోతే దానికి పుట్టిల్లు లేదే" అంది అత్త.

"సీర పెడితే నాకు మొగుడు లేడత్తా" అన్నాను.

"ఆడు మల్లీ బయటికొత్తాడు. ఏడాది మల్లీ వత్తాదేటి?"

చూశారా వరస! నేను గరిటె గిన్నెలో పడేసి మా ఆయన వైపు తిరిగాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సస్పెన్షన్లో ఉన్న మనిషి, డ్యూటీ లేదు, ఎక్కడ కూర్చుంటే అక్కడే.

"నువ్వేటంటావు?" అని అడిగాను.

"అది నా సెల్లెలు" అన్నాడు. సాయంత్రం గోల్ బజార్ వెళ్ళి నేరేడుపండు రంగు అంచున్న లేత పసుపు నేతచీర తెచ్చాడు. పళ్ళెంలో పసుపు తడిపి, తన చేత్తో చీర చెంగుకు రాశాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక అంట్లు తోముకున్నాను.

మర్నాడు అత్త చీర సంచీ పట్టుకుని టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కింది. మోకాళ్ళ నొప్పుల మనిషిని ఒంటరిగా పంపలేక నేనూ ఎక్కాను. ఝపటాపూర్‌లో మీనా వాళ్ళ గేటు దగ్గర దిగగానే ఎదురుపడ్డాడు బుజ్జిబాబు. రాజశేఖర్ తమ్ముడతను. కేసు పెట్టింది అతనే.

"ఏటత్తా, ఏటి తెచ్చినావు?"

"పుట్టింటి సీర బాబూ."

"ఎవులిచ్చినారు?"

అత్తకు అబద్ధం ఆడడం చేతకాదు. ఆలోచించకుండా, "ఇంకెవులిత్తారు, దాని అన్నే" అంది.

బుజ్జిబాబు ఫోను తీసి సంచీని, అత్తను, నన్ను ఫొటో తీశాడు. "మా అన్నని సంపి, మా వదినకి సీర పెడతారేటి? సాచ్చీకం కొనేత్తారేటి?" అన్నాడు. అరవలేదు. అతని అన్న పోయాడు, అతన్ని మాత్రం నేనేమనగలను?

లోపల్నుంచి మీనా వచ్చింది. సగమైపోయింది. తల్లి వంక చూసింది, సంచీ వంక చూసింది, నన్ను చూడనట్టే ఉంది. చెయ్యి చాపి సంచీ అందుకుని ఒక్క మాటైనా మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. తీసుకున్నట్టా, దాచినట్టా, సాక్ష్యంగా పట్టుకెళ్ళినట్టా? టోటోలో అత్త, "అందుకుంది కదే, అందుకుంది కదే" అంటూనే ఉంది.

వారం తిరక్కుండా కోర్టు నుంచి కాగితం వచ్చింది. ముద్దాయి తన తల్లి ద్వారా సాక్షికి కానుక పంపాడు కాబట్టి బెయిల్ రద్దు చేయాలని. మా వకీలు విల్‌ఫ్రెడ్ గారు మా వీధిలో పుట్టి పెరిగిన తెలుగు క్రిస్టియన్. ఆ కాగితం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, చీర ఇచ్చే ముందు నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది కదా."

"సెప్తే వద్దనేవోడివి కదా బాబూ" అంది అత్త.

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "మా నాయనమ్మకు కూడా పుట్టింటివాళ్ళు చీర పెట్టారు. నాకు తెలుసు. జడ్జిగారికి తెలియదు. ఇప్పుడు ఒక్కటే దారి. ఆ చీర నేనే కొన్నాను, నేనే ఇచ్చాను, నా కొడుక్కి సంబంధం లేదు అని మీరు చెప్పాలి. తల్లి కూతురికి చీర పెట్టడం తప్పు కాదు."

"అలగంటే అది ఉట్టి సీరైపోద్ది బాబూ."

"మీరలా అనకపోతే కొడుకు లోపలికి పోతాడమ్మా."

ఇంటికొచ్చాక అత్త అన్నం ముట్టలేదు. నేను పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది చేతులు పట్టుకుని బతిమాలాను. "ఒక్క మాటత్తా. నాను పెట్టినానని సెప్పు. మీనాకి నిజం తెలుసు కదా, సాల్దా?" అన్నాను. "కోర్టులో అందరి ముందూ అన్న పెట్టలేదని నానే సెప్తే, ఇంక దానికి ఎవులున్నారే?" అంది అత్త.

మేదినీపూర్ కోర్టులో మా వంతు మధ్యాహ్నం వచ్చింది. జడ్జిగారు నడివయసు బెంగాలీ ఆవిడ, నెమ్మదస్తురాలు. మా ఆయన ఒక పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. వెనక బెంచీ మీద బుజ్జిబాబు, అతని పక్కన మీనా. ఆమె పాత తెల్లచీరలోనే ఉంది. అది చూశాక నాకున్న కాస్త ఆశా పోయింది.

జడ్జిగారు అత్తను దగ్గరికి పిలిచి, సొంత పిన్నిని పలకరించినట్టు బెంగాలీలో అడిగారు. "ఈ చీర ఎవరిచ్చారు మాషీమా?"

అత్తకు బజారు బెంగాలీ బాగా వచ్చు. చేపల బేరంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కానీ నోరు తెరవలేదు. కొడుకు వైపు చూసింది. మెడ తిప్పి కూతురి వైపు చూసింది. విల్‌ఫ్రెడ్ గారు గొంతు సవరించుకున్నారు. నేను మనసులో, చెప్పు అత్తా, చెప్పు, నీకు పుణ్యముంటుంది అనుకుంటున్నాను. ఆమె పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. అరవై దాటిన ఆ మనిషి చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇద్దరు పిల్లల్లో ఒకర్ని ఎంచుకోమంటే ఏ తల్లికైనా మాట ఎలా వస్తుంది?

అప్పుడు వెనక మీనా లేచింది. బుజ్జిబాబు చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని ముందుకొచ్చింది.

"మా అమ్మను అడగకండి, నేను చెప్తాను" అంది బెంగాలీలో. బెంగాలీ బడిలో చదువుకున్న పిల్ల, తడబడలేదు. "మా అన్న ఇచ్చాడు. నేను తీసుకున్నాను."

అయిపోయింది అనుకున్నాను.

"ఎందుకిచ్చాడు?" అన్నారు జడ్జిగారు.

మీనా చెప్పింది. చీర ఏమిటో, నిద్ర ఏమిటో, ఏడాదిగా ఎవరింటికీ ఎందుకు వెళ్ళలేదో, అంతా. బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిదానంగా చెప్పింది. జడ్జిగారు కలం పక్కన పెట్టి విన్నారు.

"చీర ఇచ్చి, నీ వాంగ్మూలం మార్చమని ఎవరైనా అన్నారా?"

"అనలేదు. అన్నా మార్చను. అన్న చేతులు మా ఆయన కాలరు మీద ఉండడం చూశాను. పడడం చూడలేదు. అప్పుడూ అదే చెప్పాను, రేపు అడిగినా అదే చెప్తాను. దానికీ చీరకూ సంబంధం లేదు."

"నీ భర్తను చంపాడంటున్న మనిషి ఇచ్చిన చీర కట్టుకుంటావా?"

మీనా మొదటిసారి మా ఆయన వైపు చూసింది. ఆయన తలెత్తలేదు.

"చంపాడో లేదో మీరు చెప్పాలమ్మా. నాకు తెలియదు. తెలియకే చచ్చిపోతున్నాను. కానీ నాకున్న అన్న అతనొక్కడే. నా చీర ఇంకెవరిస్తారు?"

ఏడాదిపాటు ఆ పిల్లను తిట్టుకున్న నోరు నాది. ఆ క్షణాన పరిగెత్తి వెళ్ళి కావలించుకోవాలనిపించింది, కదల్లేకపోయాను.

బెయిల్ రద్దు చేయలేదు. షరతు ఉన్నదున్నట్టు ఉంటుందని, ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోనని మా ఆయన్ను గట్టిగానే మందలించారు జడ్జిగారు. మీనా పుట్టింట్లో ఉండే రాత్రి ముద్దాయి ఆ ఇంటి ఛాయల్లో కూడా ఉండకూడదన్నారు. విల్‌ఫ్రెడ్ గారు, "ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంటాడు మేడమ్, పూచీ నాది" అన్నారు.

మంచిరోజు చూసి మీనా వచ్చింది. బుజ్జిబాబే బండి మీద మా వీధి మలుపు దాకా తెచ్చి దింపాడు. మా గుమ్మం వైపు చూడకుండా బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అన్న తెచ్చిన చీర ఆమె ఒంటి మీద ఉంది. అత్త గడపలోనే కూతుర్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మీనా కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి ఇల్లంతా ఒకసారి చూసింది.

నేను పిత్తపరిగల పులుసు చేశాను, ఆమెకిష్టమని. ఆమె తింది. కొసరి వడ్డిస్తే వద్దనలేదు. మా ఇద్దరి మధ్యా మాటలు మాత్రం ఉప్పు, మంచినీళ్ళు, ఇంకొంచెం అన్నం, అంతవరకే. అత్త కూతురి పక్కన చాపేసుకుని చిన్నప్పటి కబుర్లు చెబుతూ చెబుతూ నిద్రపోయింది. అంత హాయిగా ఆమె పడుకోవడం ఏడాదిలో నేను చూడలేదు.

నిద్ర చేసిన మనిషి తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవాలి. తలుపు చప్పుడుకు నాకు మెలకువొచ్చింది. వెంట వెళ్ళకూడదని తెలిసినా ఊరుకోలేక వెనకే నడిచాను. టోటో ఇంకా రాలేదు. వర్క్‌షాపు వైపు నుంచి ఫస్ట్ షిఫ్టువాళ్ళ సైకిళ్ళు ఒకటీ రెండూ కనిపిస్తున్నాయి.

"వదినా" అంది మీనా. ఏడాది తర్వాత ఆమె నోట ఆ మాట.

"ఏటమ్మా?"

"వచ్చే నెల్లో నన్ను సాచ్చీకానికి పిలుత్తారు. ఆ రోజు అమ్మని కోర్టుకి తేకు. నాను సెప్పేది అది ఇనకూడదు."

అంటే చెప్తుంది. కట్టుకున్న ఆ చీరతోనే వెళ్ళి, చూసింది చూసినట్టు చెప్తుంది. నా మొగుడు ఆ బోనులో నిలబడి వింటాడు.

"తేను" అన్నాను. "ఇంటికాడే ఉంచుతాను."

ఆమె తలూపింది. నా చెయ్యి పట్టుకుంది. టోటో వచ్చేదాకా ఇద్దరమూ అలాగే నిలబడ్డాం.