తిరిగొచ్చిన కవర్లు

క్యారెట్లు మట్టితోనే పెట్టాలి. కడిగిపెడితే ఇక్కడివాళ్ళు కొనరు, ఈ పొలంలోవి కావేమోనని అనుమానపడతారు. ఉదయశ్రీ కట్టలు కట్టి చెక్కపెట్టెలో పేరుస్తోంది. లైప్‌జిగ్‌కు ముప్పావుగంట దూరంలో ఉన్న ఈ జర్మన్ ఎస్టేటులో పాత గుర్రపుశాలను అంగడిగా మార్చి ఏడేళ్ళయింది. ఆ ఏడేళ్ళూ దాన్ని నడిపింది ఆమే. ఎస్టేటు గుడ్లు, తేనె, పక్క ఊరి చీజు, ఇక్కడి పుల్లటి రూబార్బ్ కాడలతో ఆమె పెట్టే పచ్చడి. సీసాల మీద యజమానురాలు ఫ్రావ్ రైమర్, అంటే శ్రీమతి రైమర్, తన చేత్తో చీటీలు రాసి అంటించేది.

"ఎమ్మెస్సీ హార్టికల్చర్ చదివి క్యారెట్లమ్ముతున్నావని మావాళ్ళ దగ్గర అనమాకు," అనేవాడు భర్త శ్రీచరణ్. అత్తగారు వెంకటరమణమ్మ ఆ మాటకు మెరుగులు దిద్ది, "మా కోడలు జమీందార్ల బంగళాలో ఆఫీసరు" అని తెనాలంతా చెప్పుకునేది. ఆ అత్తగారి తుంటి విరిగినప్పుడు ఆఫీసరుకు సెలవు దొరుకుతుందా అని ఎవరూ అడగలేదు. "నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, నువ్వెళ్తే సరిపోద్దిగా," అన్నాడు శ్రీచరణ్. బయల్దేరే రోజు ఫ్రావ్ రైమర్ ఆమె చెయ్యి పట్టుకుని, "వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం, అంగడి గురించి," అంది. ఉదయశ్రీ మూడు నెలలు బెడ్‌పాన్లు ఎత్తింది, రాత్రీ పగలూ ఒళ్ళు తుడిచింది. "కూతురైనా ఇంత చెయ్యదమ్మా," అన్నారు చూడవచ్చినవాళ్ళు. అత్తగారు లేచి నాలుగడుగులు వేసిన వారమే ఇక్కడ ఫ్రావ్ రైమర్ నిద్రలో పోయింది. అత్తగారు పూర్తిగా కోలుకునేదాకా ఇంకో రెండు నెలలు అక్కడే ఉండి, మొన్న తిరిగొచ్చాకే ఆ సంగతి ఉదయశ్రీకి తెలిసింది.

ఫ్రావ్ రైమర్ తమ్ముడి కొడుకు మతియాస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఇప్పుడు ఎస్టేటు అతనిదే.

"ఫ్రావ్ ముప్పాళ్ళ, మీరు మళ్ళీ వస్తారనుకోలేదు."

బల్ల మీద రెండు కవర్లు పెట్టాడు. వీలునామా వ్యవహారాలు చూసే నోటరీ ఉదయశ్రీ ఇంటికి పంపితే తిరిగొచ్చినవి. తన పేరు అంత పొడుగ్గా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. రెంటి మీదా ఒకటే పసుపు చీటీ: ఈ చిరునామాలో ఈ పేరు గలవారు లేరు.

"అంగడినీ, పైనున్న రెండు గదులనూ పదేళ్ళు మీకే కౌలుకివ్వాలని అత్త రాసిపెట్టింది. ఆరు వారాల్లో మీ జవాబు రావాలి. ఫైల్లో ఉన్న నంబరుకి ఫోన్ కూడా చేశాను. మీ భర్త ఎత్తారు. మీరు ఇప్పట్లో రారనీ, వచ్చినా ఇక పనిచెయ్యరనీ అన్నారు. పోయిన శుక్రవారం వేరేవాళ్ళతో సంతకాలైపోయాయి, వచ్చే నెల నుంచి అంగడి వాళ్ళది. నన్ను క్షమించండి."

ఆమె ముఖం చూసి మతియాస్ తలుపుకున్న బోర్డును 'మూసి ఉంది' వైపు తిప్పి, బయటికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ పాటి దయకే ఆమెకు ఏడుపొచ్చింది.

ఈ దేశంలో పోస్టు డబ్బా మీద పేరుంటేనే ఉత్తరం వేస్తారు. వాళ్ళ డబ్బా మీద శ్రీచరణ్ ఇంటిపేరు ఒక్కటే ఉంది. పాస్‌పోర్టులో ఆమెది పుట్టింటి పేరు, ముప్పాళ్ళ. నా పేరు కూడా అంటించమని ఎన్నిసార్లు అడిగింది? "రెండు ఇంటిపేర్లు చూస్తే పెళ్ళి కాకుండా కాపురం చేస్తున్నామనుకుంటారు," అని ఒకసారి. "నీకొచ్చే ఉత్తరాలేంటి అంత?" అని ఇంకోసారి. పాత పోస్ట్‌మ్యాన్ గుడ్లు కొనడానికి అంగడికి వచ్చేవాడు, ఆమెను ఎరుగును కనుక పేరు లేకున్నా వేసేవాడు. ఈ వసంతంలో ఆయన రిటైరయ్యాడు. ఆయన వేస్తున్నాడు కదా అని తనూ ఊరుకుంది. ఒక చీటీ ముక్క తనే అంటించుకోలేకపోయిందా? అంటిస్తే ఆ సాయంత్రం భోజనం దగ్గర ఎంత రాద్ధాంతం అవుతుందో తెలుసు. ఆ ఒక్క సాయంత్రం తప్పించుకోవడానికి ఏడేళ్ళు దాటేసింది. పైన ఆ రెండు గదుల్లో తూర్పు కిటికీ ఉన్నదాన్ని ఎన్నిసార్లు ఊడ్చింది. ఇక్కడ ఒక కుర్చీ వేసుకుంటే బాగుంటుందని మాత్రం అనుకునేది, అంతకుమించి అనుకోవడానికి ధైర్యం చాలేది కాదు. ఫ్రావ్ రైమర్‌కు ఆ ధైర్యం ఉండింది, తన తరఫున.

శ్రీచరణ్‌కు ఫోన్ చేసి మతియాస్ చేసిన ఫోన్ గురించి అడిగింది.

"ఓ, ఆ ఫోనా? మీటింగ్‌లో ఉన్నానప్పుడు. అమ్మ దగ్గర ఎన్నాళ్ళుంటావో తెలీదుగా, అట్లా చెప్పేశా."

"నాకెందుకు చెప్పలేదు?"

"అసలే అక్కడ హడావిడిలో ఉన్నావు, నీకెందుకు టెన్షనని. ఒక కూరగాయల కొట్టు పోతే ఏమైందే? కొన్నాళ్ళు హాయిగా ఇంట్లో ఉండు. సాయంత్రం ఆ పేరేదో అంటిద్దాంలే, సరేనా?"

ఆ గొంతులో కోపం లేదు. బుజ్జగింపు ఉంది. తిట్టి ఉంటే పోట్లాడేది. ఆమె కళ్ళు తుడుచుకుని, తలుపు తీసి, మతియాస్‌ను లోపలికి పిలిచింది.

"నెలాఖరుదాకా పని చెయ్యనా?"

"తప్పకుండా. ఇంకొకటి, అత్త మీకు సొంతంగా ఒక ఉత్తరం రాసింది. నోటరీ దగ్గరుంది, పోస్టులో పంపుతానన్నారు. పాత చిరునామాకేనా?"

"కాదు," అంది ఉదయశ్రీ. "నాకింకా చిరునామా లేదు. ఈ నెలలో వెతుక్కుంటాను. దొరికాక నేనే రాస్తాను, అప్పుడు పంపమనండి."