ఆరింటి సభ

"ఒక్కరోజు వెళ్ళి చూసి రా. చూస్తే నీకే తెలుస్తుంది" అన్నాడు మా ఆయన నిన్న పొద్దున, నేను ఆయన భోజనం డబ్బా మూత నొక్కుతుంటే. యూనివర్సిటీలో ఎమ్మే చరిత్రలో నాకు సీటు వచ్చి పది రోజులైంది. చేరతానో లేదో రేపటిలోగా చెప్పాలి. సీటొచ్చినవాళ్ళు ఒక రోజంతా పాత విద్యార్థులతో గడిపి, అక్కడి వాతావరణం తమకు సరిపడుతుందో లేదో చూసుకోవచ్చని వాళ్ళే ఉత్తరం రాశారు. మా ఆయన ఆ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాడు. తన నోటితో వద్దనలేడు, పదిమందిలో మంచివాడన్న పేరుంది. నేనే బెదిరిపోయి వచ్చి మానేస్తానంటే ఆ పేరు చెక్కుచెదరదు. అత్తయ్య అంత దూరం ఆలోచించే మనిషి కాదు. "నలభై రెండేళ్ళొచ్చాక ఆ పిల్లల మధ్య కూర్చుని ఏం చేస్తావే, వడ్డిస్తావా?" అని నవ్వేసింది. నాకు ఒళ్ళు మండింది. మండినప్పుడల్లా చేసే పనే చేశాను. "సరే అత్తయ్యా" అని స్టవ్ తుడిచాను.

ఈ సరే అనడం ఇంటితో ఆగలేదు. పద్నాలుగేళ్ళుగా పళ్ళ ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. అపాయింట్‌మెంట్లు, ఫైళ్ళు నా పని. డాక్టరు గారి చుట్టాలొస్తే కాఫీ కలపడం అందులో ఎప్పుడు చేరిందో నాకే గుర్తులేదు. నిన్న ఈ ఒక్కరోజు సెలవు అడిగితే డాక్టరు గారు, మనవల్ని ఎత్తుకునే వయసులో ఇప్పుడు చదువేంటమ్మా అన్నాడు. నాకు పిల్లలే లేరు. పద్నాలుగేళ్ళలో ఆ సంగతి ఆయన గమనించనే లేదు.

యూనివర్సిటీలో పొద్దుటి క్లాసు బాగానే గడిచింది. మధ్యాహ్నం మెస్‌లో నన్నెవరూ వింతగా చూడలేదు, అలాగని ప్రత్యేకంగా మర్యాదలూ చేయలేదు. ఒకమ్మాయి పళ్ళెం పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుని, పరీక్షల మీదున్న చిరాకంతా నా ముందు వెళ్ళగక్కి లేచి వెళ్ళిపోయింది. వాళ్ళ జోకుల్లో సగం నాకు అర్థం కాలేదు. అయినా వద్దనుకోవడానికి కారణం మాత్రం దొరకలేదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో అని నేనే ఆ కారణం వెతుక్కుంటున్నానేమో.

రోజూ సాయంత్రం ఆరింటికి మేడ మీద సభ. సభంటే మరేం లేదు, ఇరవై మంది గుండ్రంగా కూర్చుని ఏదో ఒక విషయం మీద పోట్లాడుకోవడం. దానికో ఆనవాయితీ ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో ఒకదాన్ని నేనొప్పుకోనని చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. నా వంతు దగ్గరపడుతోంది. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎవరితో అన్నానా అని ఆలోచిస్తే కూరగాయలవాడు తప్ప ఎవరూ గుర్తుకు రాలేదు. గబుక్కున లేచి, ఖాళీ టీ కప్పులన్నీ ఏరుకుని మూలనున్న సింకు దగ్గరికి పోయాను. పని చేసుకునే ఆడదాన్ని ఎవరూ ఏమీ అడగరు. ఇన్నేళ్ళూ నేను దాక్కున్నది అక్కడే.

పదిహేడు కప్పులు కడిగి వెనక్కి తిరిగేసరికి అందరూ మాటలాపి కూర్చున్నారు. సభ నడుపుతున్న క్రాపు పిల్ల నా వైపే చూస్తోంది.

"ఇక్కడ ఎవరి కప్పు వాళ్ళే కడుక్కుంటారు ఆంటీ. మీకోసమే ఆగాం, రండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెనకే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు. తడి చేతులతోనే నిలబడి అన్నాను.

"ఈ సభ ఆరింటికి పెట్టడం నేనొప్పుకోను. ఆ టైముకి ఇంట్లో వంట చేసేవాళ్ళెవరూ రాలేరు."

జాలిపడతారనుకున్నాను. క్రాపు పిల్ల మాత్రం, "మేమెందుకు మార్చుకోవాలి? మీ ఇంట్లో మార్చండి" అంది.

నీ అన్నం మెస్‌లో ఉడుకుతుంది కాబట్టి నీకు చెప్పడం తేలికేనన్నాను. ఒకతను నా పక్షం వచ్చాడు, ఇద్దరు ఆమె పక్షం చేరారు. అరగంట వాదించుకున్నాం. నా గొంతు కింది దాకా వినిపించి ఉంటుంది. ఇంట్లో నేను కాస్త గట్టిగా మాట్లాడితే మా ఆయన అరవడు, లేచి కిటికీలు మూస్తాడు. ఇక్కడ నన్ను మెల్లగా మాట్లాడమన్నవాళ్ళు లేరు. చివరికి టైము మార్చాలా వద్దా అని చేతులెత్తించి లెక్కపెట్టారు. పన్నెండుకి ఎనిమిది, నేను ఓడిపోయాను. ఓడిపోయి కూడా ఇంత సంతోషంగా ఉండొచ్చని నాకిన్నాళ్ళూ తెలీదు. బస్సెక్కగానే డాక్టరు గారికి, వచ్చే నెల నుంచి రానని మెసేజ్ పెట్టాను.

ఇంటికొచ్చేసరికి తల్లీకొడుకులిద్దరూ ఖాళీ కంచాల ముందు కూర్చుని ఉన్నారు. వాతావరణం సరిపడిందా అని మా ఆయన అడిగాడు, ఓదార్చడానికి అన్నీ సిద్ధం చేసుకున్న గొంతుతో. అక్కడంతా పోట్లాటలేనని చెప్పాను. ఆయన ముఖం తేటపడింది. నే చెప్పలేదూ అన్నట్టు అత్తయ్య వైపు చూశాడు.

నేను చెప్పులు విప్పి, ఫోన్ తీసి, యూనివర్సిటీ పేజీలో చేరుతున్నాను అన్న చోట నొక్కాను.

"ఆరింటికి సభ ఉంటుంది. టైము మార్చమంటే వాళ్ళొప్పుకోలేదు" అన్నాను. "వంట సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. కావాలంటే ఓట్లు పెట్టుకోండి. నా ఓటు నేను వేసేశాను."