భూతద్దంలో తోమాసుగారు

మా నానమ్మ విశ్రాంతమ్మ దగ్గర అరచేతిలో పట్టేంత బొమ్మ ఒకటి ఉండేది. కోడిగుడ్డు ఆకారంలో పలుచని బిళ్ల, దాని మీద పక్కకు తిరిగిన ఒక మగమనిషి. తలపాగా, చేతిలో పువ్వు, తల వెనక గుండ్రంగా బంగారు వెలుగు. ఆయన పునీత తోమాసుగారని నానమ్మ నమ్మకం. మన దేశానికొచ్చిన అపోస్తలుడు కాబట్టి మన తలపాగా చుట్టుకున్నాడని ఆమె అనేది.

నానమ్మ వయసులో ఉన్నప్పుడు కొత్తగూడెంలో ఒక దొర బంగళాలో ఆయాగా పనిచేసింది. వాళ్లు ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఆ బొమ్మను ఆమె చేతిలో పెట్టారట. ఎవరి బొమ్మ అని అడగడానికి నానమ్మకు ఇంగ్లీషు రాదు. చెప్పడానికి దొరసానికి తెలుగు రాదు.

నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా, 1986లో, చండ్రుగొండ దగ్గరున్న మా ఊళ్లో కొత్త చర్చి కట్టారు. తోమాసుగారిని అందులో పెడతానని నానమ్మ ఫాదర్‌గారిని ఒప్పించింది. ఆయన ఆ బొమ్మను ఇంకా చూడలేదు. ఆదివారం ఊరందరి ముందూ ఇస్తానంది.

ఆ బుధవారమే మా డ్రాయింగు సారు హరిలాల్‌గారు క్లాసులో ఒక పెద్ద పుస్తకం తెరిచారు. అన్నీ మొగలు పాదుషాల బొమ్మలు. చాలామంది తలల వెనక బంగారు వెలుగు.

"ఏంది సార్, వీళ్లంత దేవుండ్లా?" అని నా పక్కన కూర్చునే గోరి అడిగింది.

"దేవుండ్లు కాదు. సూర్యుని లెక్క వెలుగుతున్నమని గట్ల గీయించుకున్నరు" అన్నారు సారు.

మా తోమాసుగారి తల వెనక వెలుగు గుర్తొచ్చింది. సారు చెబుతూనే ఉన్నారు. ఇవి కాగితం మీద వేసినవట. తర్వాతి కాలంలో ఏనుగు దంతాన్ని పలుచగా కోసి, దాని మీద కూడా పాత పాదుషాల బొమ్మలు వేశారట. ఉడుత తోక వెంట్రుకలతో కుంచెలు కట్టేవారట. అచ్చు వేసిన బొమ్మను భూతద్దంలో చూస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. చేత్తో వేసిందైతే కుంచె గీతలు కనిపిస్తాయి. దంతమని చెప్పి ఎముక మీద వేసినవీ ఉంటాయట; ఎముకలో సన్నని నల్ల రంధ్రాలుంటాయి, దంతంలో అవి ఉండవు, సన్నని అలల గీతలుంటాయి.

నాకు పది ప్రశ్నలొచ్చాయి. ఒక్కటీ అడగలేక ఇంటికెళ్లి డైరీలో రాసుకున్నాను. మరునాడు డ్రాయింగు పుస్తకంలో చీటీ పెట్టి ఇచ్చాను: "సార్, భూతద్దం కావాలి. ఇట్లు, సంపూర్ణ." పుస్తకం తిరిగొచ్చేటప్పుడు దాంతోపాటు భూతద్దం కూడా వచ్చింది.

శనివారం మధ్యాహ్నం నానమ్మ చెరువుకెళ్లగానే బొమ్మను ఎండలోకి తెచ్చాను. చుక్కలు లేవు. గడ్డంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా ఉంది. చెవి ముత్యం తెల్లగా, చిన్న బొడిపెలా పైకి లేచి ఉంది. బుగ్గ మీద రంగు దాదాపు లేదు, లోపలి బిళ్ల రంగే చర్మంలా మెరుస్తోంది. ఎండకు ఎత్తి పట్టుకుంటే వెలుతురు లోపలి నుంచి వచ్చింది. సన్నని అలల గీతలున్నాయి, నల్ల రంధ్రాలు లేవు. ఎంతసేపు చూశానో తెలియదు.

"ఏందే, తోమాసుగారికి జరమొచ్చిందా? దవాఖానాల డాక్టరు లెక్క చూస్తున్నవ్?"

నానమ్మ బట్టల గంపతో నిలబడి ఉంది. చెబితే ఆమె దేవుడు పోతాడు. చెప్పకపోతే రేపు ఊరి ముందు ఎవరో ఒకరు నవ్వుతారు. భూతద్దం ఆమె చేతికిచ్చాను.

ఆమె గంప దించి, ఒక కన్ను మూసి చూసింది. "అబ్బో, మీసం ఎంత సన్నగ దిద్దిండ్రే!" అని నవ్వింది. చెవి దగ్గర ఆగింది. నడుము దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది.

"గిదేంది?"

"కత్తి, నానమ్మా."

"తోమాసుగారిని ఈటెతోటి పొడిచిండ్రు గదనే. ఆయనకు కత్తి ఎందుకుంటది?"

ఆమె భూతద్దం దించి నా వైపు చూసింది.

"నీకు తెలుసు. చెప్పు."

"పాదుషా అనుకుంటా. సారు పుస్తకంల గిట్లనే ఉన్నరు."

ఆమె గడప మీద కూలబడింది. "మీ నాయన బతకాలని ఈయన కాళ్లే పట్టుకున్న, బతికిండు. నలభై ఏండ్ల సంది నా మొర ఎవరు విన్నరే మరి?"

నా డైరీలో ఆ ప్రశ్న కూడా ఉంది.

ఆమె లేచి గంప ఎత్తుకుంది. "ఫాదర్‌గారితోని నేనే చెప్పుకుంట. నువ్వు నోరు తెరవకు. ఎట్లాగూ తెరవవ్ గద."

ఆదివారం చర్చిలో ఆమె బొమ్మను పీఠం వైపు తీసుకెళ్లలేదు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థనలో చదివే పేర్లు రాసుకుంటున్న ఫాదర్‌గారి ముందు నిలబడింది.

"ఈయన పునీతుడు కాదంట ఫాదర్, పాదుషా అంట. ఈయన ఆత్మ కోసం కూడ చదువుండ్రి."

ఫాదర్‌గారు బొమ్మను చూసి నవ్వారు. "మనవాడు కాదు గదమ్మా?"

"మనోడు కాకున్న, నలభై ఏండ్లు మన ఇంట్ల ఉన్నడు. నేను అడిగిందంత విన్నడు. ఆయనకోసం ఎవరడుగుతున్నరో ఏమో."

ఫాదర్‌గారి నవ్వు ఆగింది. "పేరేమిటి?"

నానమ్మ నా వైపు చూసింది. వరుసల్లో కూర్చున్నవాళ్లందరూ చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"పేరు తెలియదు ఫాదర్" అన్నాను. అందరికీ వినపడింది.

ఆయన మా ఊరి పేర్ల కింద రాసుకున్నారు: పేరు తెలియని ఒక పాదుషా.